బియ్యం చల్లితే మొలకెత్తవు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని, ఇంటికి దూరంగా ఒక సంస్థలో పీహెచ్‌డీలో చేరాను. రెండో ఏడు పూర్తి కావస్తోంది. బాక్టీరియాలో హైడ్రోజన్‌ను పుట్టించే హైడ్రోజనేజ్ అనే ఎంజైమ్‌ను చూసి, నడుమ కోబాల్ట్, చుట్టూ దాన్ని పట్టుకునే లిగాండ్లు ఉండే కాంప్లెక్సులు తయారుచేసి, వాటితో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీయడం నా పని. వాటిలో కోబాలాక్సిమ్ అనే రకం ఒకటి చాలా బాగా పనిచేసింది. పేపర్ డ్రాఫ్టు కూడా రాశాం. పోయిన నెల ఊరికే అనుమానమొచ్చి, రెండు గంటలు ఎలక్ట్రోలిసిస్ నడిపిన గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను కడిగి, కాంప్లెక్స్ ఏమీ లేని ఆమ్లత మారకుండా ఉంచే ఉత్త ఫాస్ఫేట్ బఫర్‌లో పెట్టాను. హైడ్రోజన్ వస్తూనే ఉంది! ఎలక్ట్రోడ్ మీద పల్చటి బూడిదరంగు పొర కనబడింది. అంటే పనిచేస్తున్నది నా మాలిక్యూల్ కాదు, అది చచ్చి మిగిల్చిన పొర. మా గైడ్‌కి చూపిస్తే "ఇప్పుడది కదపొద్దు, తర్వాతి పేపర్లో చూద్దాం" అన్నారు. త్వరలో నన్ను ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)కి పెంచాలా వద్దా అని చూసే కమిటీ ఉంది. నిద్ర పట్టడం లేదు. ఇంట్లో తాతయ్య "ఇంతకీ నువ్వు చేసే పనేంటమ్మా" అంటే చెప్పలేకపోతున్నాను. అన్నయ్య సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. "సోలార్ వచ్చింది, బ్యాటరీలొచ్చాయి, ఇంకా ఈ ఎంజైములేంటి, వచ్చెయ్" అంటాడు. నా రెండేళ్లూ వృథా అయినట్టేనా?
(పేరు వేయవద్దన్న పాఠకురాలు)

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట "ఊరికే అనుమానమొచ్చి". ఆ అనుమానం ఒక్కసారైనా రాకుండా పీహెచ్‌డీ పూర్తిచేసుకుని ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లను నేను చూశాను. కాబట్టి నీ చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తున్నాను. వృథా కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే కొంచెం చుట్టుతిరుగుడుగా రావాలి, ఓపిక పట్టు.

మీది డెల్టా కనుక నారుమడి సంగతి నీకు చెప్పనక్కర్లేదు. మడిలో వడ్లు చల్లుతారు, బియ్యం చల్లరు. మనం తినేది లోపలి గింజనే, విలువంతా దానిదే. అయినా మరపట్టించి పొట్టూ తవుడూ తీసేసిన గింజ మొలకెత్తదు. ఎంజైములను చూసి ఉత్ప్రేరకాలు చేసే మా రంగంలో చాలా ఏళ్లు జరిగింది బియ్యం చల్లడమే. లోహం ఉన్న నడిమి గింజను ఒలిచి తెచ్చుకున్నాం, చుట్టూ ఉన్న ప్రొటీన్‌ను ఊక అనుకుని వదిలేశాం. మొలకలు రాలేదేమిటా అని తలపట్టుకున్నాం.

హైడ్రోజనేజ్ అన్న పేరు 1931లో కేంబ్రిడ్జిలో మార్జరీ స్టీఫెన్‌సన్, లియొనార్డ్ స్టిక్లండ్ పెట్టారు. (లండన్ రాయల్ సొసైటీ మొట్టమొదటిసారి ఆడవాళ్లను ఫెలోలుగా ఎన్నుకున్నది 1945లో. ఆ ఇద్దరిలో స్టీఫెన్‌సన్ ఒకరు. నీ బెంచి మీద గోడకు ఎవరి ఫొటో అయినా పెట్టుకోవాలనిపిస్తే ఆవిడది పెట్టుకో.) బాక్టీరియా హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది, తింటుంది అని అప్పుడే తెలిసినా, లోపల అది ఏ పనిముట్టుతో ఆ పని చేస్తోందో కంటికి కనబడేసరికి అరవై ఏళ్లు దాటింది. నికెల్-ఇనుము రకం నిర్మాణం 1995లో వచ్చింది. రెండు ఇనుముల రకం 1998లో. అప్పటికి నేను రీసెర్చ్ స్కాలర్ని. 'సైన్స్' పత్రిక మా లైబ్రరీకి నెలన్నర ఆలస్యంగా చేరేది. ఆ బొమ్మ చూసి నలుగురం బల్ల చుట్టూ నోరు తెరుచుకు నిలబడ్డాం. రెండు ఇనుప పరమాణువులు, వాటిని పట్టుకుని రెండు గంధకాలు, ఆపైన కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్. మనిషి ప్రాణం తీసే రెండు విషాలను బాక్టీరియా తన ఎంజైమ్ నడిబొడ్డున పెట్టుకుని హాయిగా బతుకుతోంది.

ఇంకో విచిత్రం. దీనికి దాదాపు మేనమామ పోలికలున్న ఇనుము-గంధకం-కార్బన్ మోనాక్సైడ్ సమ్మేళనాన్ని జర్మనీలో 1920ల చివర్లోనే ఎవరో చేసి, పేపర్ రాసి, అల్మరాలో పెట్టేశారు. అది దేనికి పనికొస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు. అంచేత 1998 తర్వాత కెమిస్టులందరూ "ఇది మనకు తెలిసిన సరుకే" అని ఎగబడ్డారు. టెక్సాస్‌లో మార్సెటా డారెన్స్‌బర్గ్, ఇలినాయిలో థామస్ రౌచ్‌ఫస్, ఇంకా చాలామంది. వందల సంఖ్యలో నమూనాలు వచ్చాయి. ఫొటో పక్కన ఫొటో పెడితే అచ్చు ఎంజైమ్ గింజే. పని దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎంజైమ్ సెకనుకు పదివేలకు దగ్గరగా హైడ్రోజన్ అణువులు ఇస్తుంటే ఇవి పడుతూ లేస్తూ నడిచేవి. కొన్ని అసలు నడిచేవే కావు.

2013లో ఫ్రాన్స్, జర్మనీ బృందాలు కలిసి చేసిన ప్రయోగం నువ్వు చదివే ఉంటావు, అయినా మళ్లీ చదువు. ఆ రెండు గంధకాలను కలిపే వంతెన నడుమ ఉన్నది కార్బనా, నైట్రోజనా, ఆక్సిజనా అని పదిహేనేళ్లు వాదించుకున్నారు. వాళ్లు మూడు రకాలూ గాజుకుప్పెలో తయారుచేసి, నడిమి గింజ లేకుండా పెంచిన నాచు ఎంజైమ్ లోపల ఒక్కొక్కదాన్నీ కూర్చోబెట్టారు. నైట్రోజన్ ఉన్నది కూర్చోగానే ఎంజైమ్‌కి ప్రాణం వచ్చింది, సహజమైన దానితో సమానంగా పరుగెత్తింది. మిగతా రెండిటితో ఆ పరుగు రాలేదు. వాదం తీరింది, సరే. నన్ను ఆపేసిన సంగతి వేరే. ఆ నైట్రోజన్ సమ్మేళనం అంతకు పదేళ్ల ముందు నుంచీ కెమిస్టుల చేతుల్లో ఉంది. కుప్పెలో అది దాదాపు ఎందుకూ కొరగానిది. అదే అణువు, ఒక్క కార్బన్ మోనాక్సైడ్ ఊడిపోవడం తప్ప. ప్రొటీన్ లోపలికి వెళ్లాక గుర్రమైంది.

ఊక అనుకుని మనం పారేసిన ప్రొటీన్ అక్కడ చేస్తున్న చాకిరీ చూడు. బయటినుంచి ప్రోటాన్‌ను ఒక చేతినుంచి ఇంకో చేతికి అందిస్తూ లోపలికి తెస్తుంది, పెళ్లి వంటల దగ్గర బిందెలు అందించినట్టు. చివరి చెయ్యి ఆ వంతెన మీది నైట్రోజనే. ఇనుము-గంధకం గుత్తులను వరసగా పేర్చి ఎలక్ట్రాన్లకు దారి వేస్తుంది. పుట్టిన హైడ్రోజన్ పోవడానికి సన్నటి సందు ఉంచుతుంది. రెండు ఇనుముల రకాల్లో చాలావాటికి ఆక్సిజన్ తగిలితే చావే. కానీ కొన్ని నికెల్ రకాలు గాలిలోనే పనిచేస్తాయి. 2023లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించిన 'హక్' అనే ఎంజైమ్‌నే తీసుకో. క్షయ బాక్టీరియాకి చుట్టమైనా మనకు హాని చేయని ఒక బాక్టీరియాలోది. గాలిలో హైడ్రోజన్ ఉండేది పది లక్షల భాగాల్లో ఒక్క భాగం కూడా లేదు, అందులో సగం. ఆ కాస్తనీ ఏరుకుని కరెంటు చేస్తుంది. దాని సందులు ఎంత ఇరుకంటే, హైడ్రోజన్ దూరుతుంది, ఆక్సిజన్‌కి దూరడం కష్టం.

పొట్టును కొద్దికొద్దిగా తిరిగి కప్పినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలో డేనియల్ డుబ్వా బృందం నికెల్ చుట్టూ అమీన్లను (ప్రోటాన్‌ను పట్టుకోగల నైట్రోజన్ గుంపులను) వేలాడదీసి, ఆ ప్రోటాన్ అందించే చేతులను మాత్రం కాపీ కొట్టింది. 2011లో సెకనుకు లక్ష దాటించారు, ఎంజైమ్ కంటే వేగం! అయితే దానికి అదనంగా పెట్టాల్సిన వోల్టేజి ఎక్కువ, అదీ నీళ్లలో కాదు, అసిటోనైట్రైల్ అనే సేంద్రియ ద్రావణిలో. ఆ తర్వాత అక్కడే వెండీ షా బృందం అదే నికెల్‌కి అమైనో ఆమ్లాలు తొడిగి నీళ్లలోకి దింపింది. అటూ ఇటూ, అంటే హైడ్రోజన్ చేసే దిశలోనూ విడగొట్టే దిశలోనూ, నడిచేలా చేసింది. మన దేశంలో కలకత్తాలోని పరిశోధన సంస్థ ఐఏసీఎస్‌లో అభిషేక్ డే, ఐఐటీ బొంబాయిలో అర్ణబ్ దత్తా ఈ దారిలో పనిచేసేవాళ్లే. వాళ్ల పేపర్లు నీ కాంప్లెక్స్‌కి దగ్గరి చుట్టాలు. నువ్వు ఇప్పటికే చదివి ఉండకపోతే అది మీ గ్రూపు మీటింగుల లోపం.

ఇక నీ పొర సంగతికి వస్తాను.

మనం ఎంజైమ్ అనగానే అది చిరంజీవి అనుకుంటాం. కాదమ్మా. ఆకులో నీళ్లను చీల్చి ఆక్సిజన్ ఇచ్చే ఫొటోసిస్టమ్-2 ఉంది కదా, దాని లోపల నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్లు కలిసి వంకర కుర్చీలా ఉంటాయని 2011లో జపాన్‌లో జియన్-రెన్ షెన్, నొబువో కమియా స్పష్టంగా చూపించారు. అంతటి నగను మోసే డీ1 అనే ప్రొటీన్ ఎండ గట్టిగా ఉన్నప్పుడు ఎంతసేపు బతుకుతుందో తెలుసా? అరగంట. మొక్క ఆ పాడైన ప్రొటీన్‌ను ఊడబెరికి, కొత్తది చేసి, లోహాలను మళ్లీ పేర్చుకుంటుంది. మీ చేలో మిట్టమధ్యాహ్నం ప్రతి వరి ఆకులోనూ ఈ మరమ్మతు ఆగకుండా సాగుతోంది. మొక్క గట్టి ఉత్ప్రేరకాన్ని చేసుకోలేదు. మరమ్మతు చేయగలిగినదాన్ని చేసుకుంది. మనం కుప్పెలో చేసే అణువుకు ఆ మేస్త్రీ లేడు. పాడైందంటే పాడైనట్టే, కరెంటు పెడుతూ పోతే లిగాండ్ విడిపోయి కోబాల్ట్ ఎలక్ట్రోడ్ మీద చేరుతుంది. నీ కాంప్లెక్స్ చచ్చిపోవడంలో వింత లేదు. చచ్చిన సంగతి నువ్వు చూడటమే వింత.

ఇది నీ ఒక్కదానికే జరిగింది కాదు. కోబాల్ట్ క్లాత్రోకీలేట్ అనే అందమైన పంజరం లాంటి అణువు హైడ్రోజన్ ఇస్తోందని సంబరపడ్డాక, అసలు పని ఎలక్ట్రోడ్ మీద పేరుకున్న సూక్ష్మకణాలదని 2012లో ఫ్రాన్స్‌లోనే తేలింది. ఆక్సిజన్ వైపూ అంతే. చాలా పేరొచ్చిన ఒక కోబాల్ట్ క్లస్టర్ (లోహ పరమాణువుల గుత్తి) విషయంలో, ఆ పరిస్థితుల్లో ముఖ్యంగా పనిచేస్తున్నది దాన్నుంచి విడిపోయిన కోబాల్ట్ ఆక్సైడ్ పొర అని రిచర్డ్ ఫింకీ బృందం 2011లో చూపించింది. ఎవరి కొంపా మునగలేదు. రెండు వైపులవాళ్లూ ఇంకా గౌరవంగా పనిచేసుకుంటున్నారు.

నా సంగతీ చెబుతాను. మూడో ఏడులో నాలుగు ఇనుములు, నాలుగు గంధకాల క్లస్టర్ ఒకటి ఆరు వారాలు కష్టపడి చేశాను. చిక్కటి కాఫీ రంగు ద్రావణం. ఓ శనివారం రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, గాలి సోకకుండా పనిచేసే గ్లవ్ బాక్స్‌లోకి గాలి చేరింది. సోమవారం పొద్దున్న చూస్తే వయల్ అడుగున తుప్పు. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ తుప్పును పారబోశాను కూడా. అది ఎలా తుప్పైందో, ఏ మెట్టు మీద విరిగిందో చూసి ఉంటే నా థీసిస్‌లో అదే మంచి అధ్యాయం అయ్యేదని పదేళ్ల తర్వాత అర్థమైంది. నువ్వు పారబోయకు.

పైగా నీకు దొరికింది మామూలు పొర కాకపోవచ్చు. గ్రెనోబుల్‌లో విన్సెంట్ ఆర్టెరో, మార్క్ ఫాంటెకేవ్ బృందం, అంటే పైన చెప్పిన 2013 ప్రయోగంలో ఉన్నవాళ్లే, 2012లో ఒక పొరను వర్ణించారు. ఫాస్ఫేట్ బఫర్‌లో మామూలు కోబాల్ట్ లవణం వేసి రుణ వోల్టేజి పెడితే ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. లోపల కోబాల్ట్ లోహం, పైన కోబాల్ట్-ఫాస్ఫేట్ తొడుగు. తటస్థ నీళ్లలో హైడ్రోజన్ ఇస్తుంది. అదే పొరకు ధన వోల్టేజి పెడితే వేషం మార్చి ఆక్సిజన్ ఇస్తుంది. అంతకుముందు 2008లో డేనియల్ నొసేరా, మాథ్యూ కానన్ ధనధ్రువం మీద పేర్చిన కోబాల్ట్-ఫాస్ఫేట్ పొర కూడా ఈ కుటుంబమే. దాని గొప్ప ఏమిటంటే, నడుస్తూ నడుస్తూ కరిగిపోయిన కోబాల్ట్ ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ మళ్లీ వచ్చి పేరుకుంటుంది. అణువులను నగిషీలు చెక్కినట్టు చెక్కే మనకు దొరకని ఆ మరమ్మతు గుణం ఈ బూడిదరంగు మురికికి అబ్బింది! ఆకు చేసే పనికి నీ అందమైన కోబాలాక్సిమ్ కంటే ఆ మురికే దగ్గరగా ఉండవచ్చు.

అయితే ఒక జాగ్రత్త. కడిగిన ఎలక్ట్రోడ్ పనిచేసింది కాబట్టి అణువు అసలు పనే చేయలేదని తేల్చేయకు. రెండూ నిజం కావచ్చు. మొదటి నిమిషాల్లో అణువు పనిచేసి, తర్వాత పొర అందుకుని ఉండవచ్చు. దీన్ని విడదీయాలి. సీవీ (వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ కరెంటును గీసే పరీక్ష) ఒక్క స్కాన్ తీసి, వెంటనే ఎలక్ట్రోడ్ కడిగి ఉత్త బఫర్‌లో చూడు. తర్వాత అయిదు స్కాన్లు, పది స్కాన్లు, అలా. కరెంటు ఎక్కడ మొదలై ఎలా పెరుగుతుందో గీతలు నీకే చెబుతాయి. మొదట కాస్త తటపటాయించి తర్వాత పెరిగితే పొర మీద అనుమానం గట్టిపడుతుంది. పొరకి ఎక్స్‌పీఎస్ (పైపొరలో ఏ మూలకాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) చేయించు. మీ సంస్థలో లేకపోతే బయట చేయించుకోవచ్చు, డబ్బు కట్టాలి, క్యూ ఉంటుంది, ఇవాళే రాయి. నైట్రోజన్ శిఖరం లేకుండా కోబాల్ట్ ఒక్కటే కనబడితే లిగాండ్ పోయిందన్నమాట. ఎలక్ట్రోలిసిస్ అయ్యాక ద్రావణంలో ఎంత కాంప్లెక్స్ మిగిలిందో యూవీ వర్ణపటంలో చూసుకో. లోహకణాలుంటే పట్టుకుని పని ఆపేస్తుందని పాదరసం చుక్క వేసి చూశాం, ఏమీ మారలేదు కాబట్టి మాది అణువే అని రాసేవాళ్లున్నారు. కోబాల్ట్ విషయంలో ఆ ఒక్క పరీక్షనూ నమ్మకు. నీ ఫారడే సామర్థ్యం (పెట్టిన కరెంటులో హైడ్రోజన్‌గా మారిన వాటా) లాంటి లెక్కలు ఏవి ఉన్నా అవీ దీనికి సాక్ష్యం కావు. హైడ్రోజన్ వచ్చిందని చెబుతాయి గానీ ఎవరి చేతిమీదుగా వచ్చిందో చెప్పవు.

ఇప్పుడు గైడ్ సంగతి. "తర్వాతి పేపర్లో చూద్దాం" అన్నారంటే వెంటనే దుర్మార్గుడని తీర్మానించకు. ఆయనకు గ్రాంటు రిపోర్టు గడువు ఉండి ఉంటుంది, నీ సీనియర్ థీసిస్ ఉండి ఉంటుంది, లేదా నువ్వు చూపించింది ఒక్కసారి జరిగిన ప్రయోగమే కాబట్టి నమ్మకం కుదిరి ఉండదు. అయినా, తెలిసిన సంగతి దాచి 'అణువే ఉత్ప్రేరకం' అని నీ పేరుతో అచ్చు వేయించడానికి మాత్రం ఒప్పుకోకు. ఇందులో మెతకదనం వద్దు. రేపు ఎవరో ఎక్కడో నీ ఎలక్ట్రోడ్ కడిగి చూస్తారు. ఆ రోజు పేపర్ మీద మొదటి పేరు నీది.

ఆయనతో మాట్లాడేటప్పుడు "మన పేపర్ తప్పు" అని మొదలుపెట్టవద్దు. మూడుసార్లు మళ్లీ చేసిన గీతలు బల్ల మీద పరిచి, "సార్, రివ్యూయర్ కడిగి చూశారా అని అడిగితే ఏం రాద్దాం?" అని అడుగు. ఈ రంగంలో రివ్యూయర్లు ఇది అడక్కుండా వదలడం ఈమధ్య తక్కువే. ఆపైన కొత్త శీర్షిక నువ్వే రాసుకెళ్లు. అణువు నుంచి పొర ఎలా పుడుతోంది, ఏ లిగాండ్ ఉంటే ఎంతసేపు ఆగుతోంది అన్నది కథ అయితే, పాత డేటా అంతా అలాగే వాడుకోవచ్చు, ముగింపు ఒక్కటే మారుతుంది. గైడ్లకు మనసు మార్చుకోవడం కష్టం గానీ, తయారైన డ్రాఫ్టు చేతికిస్తే చదువుతారు. అప్పటికీ కాదంటే మీ డాక్టోరల్ కమిటీలో ఇంకో సభ్యుడు ఉంటాడు కదా, ఆయన దగ్గరికి ఫిర్యాదులా కాకుండా సలహా కోసం వెళ్లు. ఈ మాటలన్నీ తేదీలతో నీ ల్యాబ్ నోట్‌బుక్‌లో ఉండాలి.

ఎస్ఆర్ఎఫ్ కమిటీ గురించి భయపడకు. నెలకిచ్చే ఫెలోషిప్‌ను 37 వేల నుంచి 42 వేలకు పెంచడానికి వాళ్లు చూసేది నువ్వు ఆలోచించగలవా లేదా అన్నది. "నా ఉత్ప్రేరకం చచ్చిపోయింది, ఎలా చచ్చిందో ఇలా కనుక్కున్నాను" అని నిలబడి చెప్పగల రెండో ఏడు విద్యార్థిని నా కమిటీలో అయితే నేను ఆపను.

మీ తాతగారి ప్రశ్నే నాకు అన్నిటికంటే ఇష్టం. ఆయనకు ఎలక్ట్రోడ్ల గురించి చెప్పకు. మీకు మాగాణిలో వరి కోశాక మినుము వేస్తారుగా. ఈసారి ఊరెళ్లినప్పుడు పూత మీదున్న మినుము మొక్క ఒకటి మట్టితో సహా పెకలించి, వేరుకున్న బుడిపెను గోటితో చీల్చి ఆయనకు చూపించు. లోపల ఎర్రగా, నెత్తురు రంగు ఉంటుంది. అది నిజంగా మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కి చెల్లెలే. దాని పని ఆక్సిజన్‌ను అదుపులో పెట్టడం, ఎందుకంటే ఆ బుడిపెలోని బాక్టీరియాలో నైట్రోజనేజ్ అనే ఎంజైమ్ ఉంది, దానికి ఆక్సిజన్ పడదు. ఏడు ఇనుములు, ఒక మాలిబ్డినం, తొమ్మిది గంధకాలు, నట్టనడుమ ఒక కార్బన్. ఆ గింజ గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియా చేస్తుంది. ఆయన విత్తనాలకు పట్టించే రైజోబియం పొడి ఆ బాక్టీరియాయే. అదే పనిని ఎరువుల ఫ్యాక్టరీలో చేయాలంటే 400 డిగ్రీలకు పైన వేడి, వందకు మించిన వాతావరణ పీడనాలు కావాలి. మినుము వేరు చల్లటి మట్టిలో చేస్తుంది. "తాతయ్యా, ఈ బుడిపెలోని పని గాజుసీసాలో చేయడం ఎలాగో నేర్చుకుంటున్నాం" అని చెప్పు, చాలు. నీది నైట్రోజన్ కాదు, హైడ్రోజన్ అంటావేమో. నైట్రోజనేజ్ ఒక్కో నైట్రోజన్ అణువుకు కనీసం ఒక హైడ్రోజన్ అణువును కూడా వదులుతుంది, సోయా బుడిపెల్లోని కొన్ని బాక్టీరియాలు ఆ పోయేదాన్ని హైడ్రోజనేజ్‌తో మళ్లీ పట్టుకుంటాయి. కాబట్టి నువ్వు అబద్ధం చెప్పినట్టు కాదు.

ఊరికే తీసిపారేసే పని కాదని ఆయనకు తెలియాలంటే ఇంకో ముక్క. ఒక్క నైట్రోజన్ అణువును విరవడానికి ఆ బాక్టీరియా 16 ఏటీపీలు (కణంలో శక్తిని మోసే అణువులు) ఖర్చుపెడుతుంది. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టినవాళ్లలో జర్మనీలో కార్ల్ లోమన్‌తో పాటు, విడిగా హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేసిన మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావూ ఉన్నారు. మీ ఊళ్లో ఎవరింట్లోనైనా పాత గోబర్ గ్యాస్ తొట్టి ఉంటే అదీ చూపించు. అందులో మీథేన్ చేసే సూక్ష్మజీవుల చేతిలోని చివరి పనిముట్టు నికెల్ ఉన్న ఎంజైమే. పేడ తొట్టిలో నికెల్ కెమిస్ట్రీ జరుగుతోందంటే మీ తాతగారు నవ్వుతారు. నవ్వనీ.

మీ అన్నయ్య అడిగినదాంట్లో సగం నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. మనవాళ్లు గ్రాంటు అప్లికేషన్లలో "ఖరీదైన ప్లాటినం బదులు చవకైన ఇనుము" అని ఒక వాక్యం ఇరవై ఏళ్లుగా రాస్తున్నారు. నేనూ రాశాను. కానీ హైడ్రోజన్ ధరలో పెద్ద వాటా ప్లాటినానిది కాదు, కరెంటుది. కిలో హైడ్రోజన్‌కి లెక్కప్రకారం 39 యూనిట్లు చాలు, నీళ్లను విడగొట్టే ఇవాళ్టి యంత్రాలు (ఎలక్ట్రోలైజర్లు) 50 నుంచి 55 తింటున్నాయి. యూనిట్ 4 రూపాయలే అనుకున్నా కిలోకి రెండు వందలు కరెంటుకే. పైగా ఆల్కలైన్ ఎలక్ట్రోలైజర్లలో ఎప్పటినుంచో వాడేది నికెలే. ప్లాటినం కూడా తీసిపారేసేది కాదు. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం ప్లాటినంనూ, నికెల్ హైడ్రోజనేజ్‌నూ ఒకే రకం ఎలక్ట్రోడ్ మీద పోటీకి పెడితే హైడ్రోజన్‌ను విడగొట్టడంలో ఎంజైమ్ దానికి సమఉజ్జీగా నిలిచింది. కానీ ఎంజైమ్ ఎంత పెద్దది! ఒక గింజ కోసం అంత బస్తా మోయాలి. ఎలక్ట్రోడ్ మీద చోటు చాలదు. ఎంజైమ్‌ను తెచ్చి ఫ్యాక్టరీలో పెడతామని ఎవరన్నా చెబితే నేను నమ్మను.

నిజమైన ఇబ్బంది ఆక్సిజన్ వైపు ఉంది. పీఈఎమ్ రకం (ప్రోటాన్లను పంపే ఆమ్లపు పొర వాడే) యంత్రాల్లో అక్కడ ఇరిడియం తప్ప ఇంకేదీ ఆ ఆమ్లంలో ఎక్కువకాలం నిలబడటం లేదు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి దొరికే ఇరిడియం పది టన్నులలోపే, అదీ ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా ప్లాటినం గనుల్లో వెంట వచ్చేది. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఒప్పుకుని 2030కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులు అంది. విశాఖ దగ్గర పూడిమడకలో హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది. ఆ యంత్రాలు కొన్నవాడికి కావాల్సింది అందమైన అణువు కాదు. ఎలక్ట్రోడ్ ఎన్నాళ్లు బతుకుతుంది, ఎలా చస్తుంది, చచ్చేముందు ఏ గుర్తు చూపిస్తుంది అన్నది చెప్పగలిగే మనిషి. ఆ మనిషివి నువ్వు కాగలవు, ఇప్పుడే మొదలుపెట్టావు. సోలారూ బ్యాటరీలూ వచ్చాయి, నిజమే. వాటితో అమ్మోనియా రాదు, ఎరువు రాదు. సోలార్ కరెంటును హైడ్రోజన్ చేసుకుంటే అక్కడికి దారి ఉంది. అన్నయ్యకి ఆ మాట చెప్పు. జీతం విషయంలో మాత్రం ఆయనతో వాదించకు, ఓడిపోతావు.

వదిలేయాలా అని నువ్వు నేరుగా అడగలేదు గానీ ఉత్తరం నిండా ఉంది. ఆర్నెల్ల తర్వాత ల్యాబ్‌లోకి వెళ్లబుద్ధి కాకపోతే, ఇంట్లో డబ్బు ఇబ్బంది నిజంగా ఉంటే, లేదా అబద్ధం రాయమని పట్టుబడితే అప్పుడు వదిలెయ్, లేదా గైడ్‌ని మార్చుకో. ఎవరూ తప్పుపట్టకూడదు. అణువు చచ్చిందని మాత్రం వదలకు.

గైడ్ గదికి వెళ్లేముందు ఒక్క ప్రయోగం చేసుకుని వెళ్లు. నీ కాంప్లెక్స్ బదులు అంతే కోబాల్ట్ ఉండేలా కోబాల్ట్ నైట్రేట్ తూచి, అదే బఫర్, అదే వోల్టేజి, అదే రెండు గంటలు. ఎలక్ట్రోడ్ కొత్తగా అల్యూమినాతో పాలిష్ చేసినదై ఉండాలి, పాతదానికి అంటుకున్న కోబాల్ట్ నిన్ను మోసం చేస్తుంది. అందులోనూ అదే బూడిదరంగు పొర వచ్చి అదే కరెంటు ఇస్తే నీ లిగాండ్ ఊరికే ఉందన్నమాట. పొర ఆలస్యంగా వచ్చినా, పల్చగా వచ్చినా, వేరేగా పనిచేసినా నీ లిగాండ్ ఏదో చేస్తోందన్నమాట. రెండిట్లో ఏది వచ్చిందో నాకు రాయి.